మత్తు సూదియా, మత్తు వాయువా?

గత మాసం ఒక జుమా నమాజు అనంతరం నాయుడుపేటలోని మా మదరసాకు ఒక యువకుడు వచ్చాడు. ఆయన తల్లిగారికి పిత్తాశయంలో రాళ్ళు. శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయమైంది. "మౌలానా సాబ్! నరంలోకి సూది ద్వారా మత్తు ఇవ్వవచ్చునట, వాయువు పీల్పించి కూడా ఇవ్వవచ్చునట. మత్తు ఏదైనా హరామే కదా అని అమ్మీ వెనుకాడుతున్నారు. రెండింటిలో ఏది ధర్మసమ్మతం?" అని అడిగాడు.

రెండూ ధర్మసమ్మతమేనని మేము సమాధానమిచ్చాము. షరీఅత్ నిషేధించినది మైకాన్ని కోరి బుద్ధిని పోగొట్టుకోవడాన్ని. ప్రాణరక్షణ కోసం వైద్యుడు కల్పించే నిద్ర వేరు. హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మతుల్లాహి అలైహి) తమ కాలును తొలగించేటప్పుడు మత్తు పానీయాన్ని నిరాకరించారన్న ఉదంతం మనలో చాలామందికి తెలుసు. అది ఆ మహనీయుని సహనానికి నిదర్శనమే గాని, ఇతరులపై విధించిన నియమం కాదు. కుళ్ళిన అవయవాన్ని తొలగించడానికి స్పృహ పోగొట్టవలసివస్తే అది అనుమతించదగినదేనని 1277లో పరమపదించిన ఇమామ్ నవవీ స్పష్టం చేశారు.

యువకుడు సంతృప్తితో లేచాడు. గడప దాటుతూ, "మా మామూకు కూడా ఇలాగే భయం ఉండేది. ఆపరేషన్ బల్లమీదే ఒళ్ళు కొయ్యబారి, జ్వరం మండిపోయి, చావు తప్పి బయటపడ్డారు" అన్నాడు. ఈ సంగతి డాక్టరుకు చెప్పారా అని అడిగాము. చెప్పలేదట. "అది తఖ్దీర్ కదా! పైగా ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్లలున్నారు. వంశంలో జబ్బుందని నలుగురికీ తెలిస్తే ఎలా?" అన్నాడు.

మేము ఆయనను మళ్ళీ కూర్చోబెట్టాము. మొదట అడగవలసిన ప్రశ్నను మేమే అడగలేదని అప్పుడు గ్రహించాము. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వచ్చే ఒక లక్షణం ఉంది. అది ఉన్నవారికి సెవోఫ్లురేన్ వంటి మత్తు వాయువు గాని, కండరాలను సడలించే ఒకానొక సూదిమందు గాని ఇచ్చినప్పుడు కండరాలు బిగుసుకుని, శరీరం విపరీతంగా వేడెక్కి, ప్రాణాపాయం ఏర్పడవచ్చు. ఇది అరుదు. కానీ తెలిస్తే, వాయువును పూర్తిగా మాని సూది ద్వారానే మత్తు ఇచ్చి ఆ ప్రమాదాన్ని తప్పించే వీలుంది. మరునాడే తల్లీకొడుకులు మత్తు వైద్యులకు విషయం విన్నవించారు. వారు పద్ధతి మార్చారు. అల్హందులిల్లాహ్, ఆమె క్షేమంగా ఇల్లు చేరారు.

ఇంతకూ ఈ రెండు పద్ధతులూ ఏమిటి? సూది పద్ధతిలో సాధారణంగా వాడేది ప్రోపోఫాల్. సోయా నూనె, గుడ్డు సొనలోని ఒక పదార్థం కలవడం వల్ల అది పాలవలె తెల్లగా ఉంటుంది. దీనితో ఆపరేషన్ తరువాత వాంతులు, వికారం తక్కువ. వాయు పద్ధతిలో మందు శ్వాసతో లోపలికి వెళ్ళి, అధికభాగం శ్వాసతోనే బయటకు వస్తుంది. సూదికి జడిసే పసిబిడ్డలకు మాస్కు ద్వారా ఇవ్వడం సులువు. పెద్దలను సూదితో నిద్రపుచ్చి, వాయువుతో ఆ నిద్రను కొనసాగించడమూ సర్వసాధారణమే.

ఈ విషయంలో మన నేలకూ ఒక చరిత్ర ఉంది. క్లోరోఫాం పీల్చినవారిలో మొదట ఆగేది శ్వాసా, గుండెా అన్న వివాదాన్ని తేల్చడానికి హైదరాబాదులో 1888, 1889 సంవత్సరాలలో రెండు సంఘాలు పరీక్షలు జరిపాయి. రెండవదానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేశారు. శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదని ఆ సంఘాలు తేల్చాయి. క్లోరోఫాం నేరుగా గుండెనే దెబ్బతీయగలదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. పెద్దల తీర్మానమైనా సరే, సత్యం బయటపడినప్పుడు దిద్దుకోవలసిందే.

తెలియనిదాన్ని తెలిసినవారిని అడగమన్నది ఖుర్ఆన్ ఆదేశం. మత్తు ఏ పద్ధతిలో ఇవ్వాలో నిర్ణయించడానికి తెలిసినవారు వైద్యులే. వారికి నిజం చెప్పడం మన బాధ్యత. ఉబ్బసం, పడని పదార్థాలు, వాడే మందులు, బీడీ, గుట్కా అలవాట్లు, రక్తసంబంధీకులకు మత్తుతో కలిగిన ఇబ్బందులు, వీటిలో ఏదీ దాచకూడదు. సాధారణంగా ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుండి ఆహారం, 2 గంటల ముందు నుండి నీళ్ళు కూడా మానమంటారు. చాటుగా తాగిన గుక్కెడు టీ కూడా ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం మీదికి తేవచ్చు.

స్పృహ పోతే వుజూ భంగమవుతుంది. మెలకువ వచ్చాక వుజూ చేసుకోవాలి. నీరు తగలరాని కట్టుపై మసహ్ చేయాలి. నీరే హానికరమైతే తయమ్ముమ్ చాలు. తప్పిపోయిన నమాజులను ఖజా చేసుకోవాలి. కూర్చోలేనివారు పడుకునే సైగలతో నెరవేర్చవచ్చు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చికిత్స చేయించుకోమన్నారు, ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమన్నారు. వైద్యుని ముందు నిజం చెప్పడం కూడా ఒంటెను కట్టడమే. అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.