భూగోళ పఠనము

పదవ తరగతి ముగియగానే విద్యార్థులలో పెక్కురు భూగోళ శాస్త్రమునకు స్వస్తి చెప్పుదురు. ఇంటర్మీడియట్ తరగతులలో దానిని ఐచ్ఛిక విషయముగా గైకొను అవకాశమున్నను, ఆ దారి త్రొక్కువారు అరుదు. ఇందులకు వారు చెప్పు కారణములు రెండు. భూగోళమనిన పేర్లను వల్లెవేయుట యనునది మొదటిది. అది కూడు పెట్టదనునది రెండవది. విచారించి చూడగా ఈ రెండును నిలుచునవి కావు.

నదులు, పర్వతములు, రాజధానులు మున్నగువాని పేర్లు అప్పజెప్పుట ఈ శాస్త్రమునకు ఓనమాలు మాత్రమే. ఓనమాలు దిద్ది, కావ్యము తెరువక మానినవానికి భాషలోని రుచి తెలియదు. పేర్లతో ఆగినవానికి భూగోళపు రుచియు అట్లే తెలియదు. క్రింది తరగతులు “ఎచట?” అని అడుగును. పై తరగతులు “అచటనే ఎందుకు?” అని అడుగును. శాస్త్రము నిజముగా ఆరంభమగునది ఈ రెండవ ప్రశ్నతోనే.

గోదావరి నాసిక సమీపమున త్ర్యంబకము వద్ద పుట్టినదని బాలుడెవడైనను చెప్పగలడు. పడమటి సముద్రము అచటికి దాదాపు 80 కిలోమీటర్ల దూరముననే కలదు. చెంతనున్న సముద్రమును విడిచి, ఆ నది 1,465 కిలోమీటర్లు తూర్పునకేల పయనింపవలెను? దక్కను పీఠభూమి పడమట ఎత్తుగాను, తూర్పున పల్లముగాను వాలియుండుటయే కారణము. ఈ యొక్క సంగతి గ్రహించినవానికి కృష్ణయు, కావేరియు తూర్పునకేల పారుచున్నవో వేరుగ చెప్పనక్కరలేదు.

అటులనే, 1847లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరము వద్దనే ఆనకట్ట ఏల మొదలిడెను? అది డెల్టాకు శిరస్సువంటి చోటు. అచట నీటిమట్టమును పెంచినయెడల, కాలువలలో నీరు పల్లమును బట్టి తనంతట తానే పారి పొలములను తడుపును. 1852లో పూర్తియైన ఆ కట్టడమునకు రాయి, సున్నము ఎంత ముఖ్యమో, నేల వాలును చదువగలిగిన చూపును అంత ముఖ్యము.

అనంతపురము ప్రాంతమున సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. నైరృతి మేఘములు పడమటి కనుమల కావలనే తమ నీటిలో అధికభాగమును కురిసివేయును. తూర్పు సముద్రమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమును అచట బలహీనమగును. ఈ కారణమెరిగిన రైతు నొసటి వ్రాతను నిందించుచు కూర్చుండడు. చెరువు పూడిక తీయును, తక్కువ నీటితో పండు పైరును వెదకును.

భూగోళ పాఠము ప్రాణములను కాపాడిన సందర్భమును కలదు. 2004 డిసెంబరు 26న థాయిలాండులోని ఫుకెట్ తీరమున, పదేండ్ల ఆంగ్ల బాలిక యొకతె సముద్రపు నీరు వింతగా నురుగులు క్రక్కుట చూచెను. రెండు వారములకు మునుపే తరగతిలో సునామీని గూర్చిన పాఠము వినియుండుటచే, రాబోవు ఆపదను గుర్తించి తల్లిదండ్రులను హెచ్చరించెను. ఆ తీరముననున్న సుమారు వందమంది సకాలమున తొలగిపోయి బ్రతికిరి. తక్కినవారును అదే నీటిని చూచిరి. దాని అర్థమును చదువగలిగినది ఆమె యొక్కతెయే.

ఇక కూడు మాట. నాడు ఆంధ్ర తీరమును సైతము తాకిన ఆ సునామీ తరువాత, 2007లో హైదరాబాదున భారత సునామీ హెచ్చరిక కేంద్రము వెలసినది. ఉపగ్రహ చిత్రములను పరిశీలించుట, పటములు గీయుట, నగరములకు ప్రణాళికలు వేయుట, నీటివనరులను లెక్కించుట — ఈ పనులన్నింట భూగోళ జ్ఞానమునకు చోటు కలదు. చేతిలోని ఫోను దారి చూపుచుండగా పటము చదువుట యెందులకని కొందరందురు. ఫోను పోవలసిన దారిని చూపును గాని, చెరువు గర్భమున ఇల్లు కట్టరాదని మందలింపదు. సమోన్నత రేఖలు చదువనేర్చినవాడు ఏది మెరకయో, ఏది పల్లమో పటమును చూచియే చెప్పగలడు.

ఈ శాస్త్రము చప్పగా తోచుట విద్యార్థుల తప్పు మాత్రమే కాదు. పటము గోడకు వ్రేలాడుచుండగా పేర్ల పట్టికను బట్టీ పట్టించు బోధనయు అందులకు కారణమే. తరగతి గది విడిచి వాగు గట్టుకో, గుట్ట మీదికో పిల్లలను కొనిపోయిన దినమున ఈ నింద సగము తొలగిపోవును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దల మాట. పై చదువులలో భూగోళమును ఎన్నుకొనగోరు బాలుడు గాని, బాలిక గాని ముందుగా ఒక చిన్న పరీక్ష చేసికొనవచ్చును. తమ ఇంటి చూరునుండి జారిన వాననీరు ఏ కాలువలో పడి, ఏ చెరువునో వాగునో చేరి, కడకు ఏ నదిలో కలియునో కనుగొనవలెను. ఆ నీటి వెంట నడచినవారికి భూగోళము పేర్ల పట్టికగా తోచదు.