అక్కడ ఒకే బల్ల - ఇక్కడ రెండు గ్లాసులా?



ఊరి పెద్దల నోట ఈమధ్య ఒక కొత్త మాట వినబడుతోంది. "ఇంకా ఎక్కడుందయ్యా కులం? మా అబ్బాయి అమెరికాలో అందరితో కలిసి ఒకే బల్ల మీద తింటున్నాడు. పక్కన కూర్చున్నోడు ఎవరని కూడా అడగడు. మీరే ఇంకా కులం కులం అని పట్టుకు వేలాడుతున్నారు" అంటున్నారు. సెల్‌ఫోన్‌లో ఫొటో కూడా చూపిస్తున్నారు. పెద్ద హాలు. బల్ల నిండా పిజ్జాలు. గాజు గ్లాసుల్లో నురగ తేలే బీరు. చుట్టూ నవ్వుతున్న మన జిల్లాల కుర్రాళ్ళు.

ఈ మాటకి జవాబు చెప్పాల్సిందే. ఆ ఫొటో చూపించి మన నోరు మూయించాలని చూస్తున్నారు. సరే, ఆ బల్లనే సాక్షిగా తెచ్చారు గనక ఆ బల్లనే బోనెక్కిస్తాం. నాలుగు ప్రశ్నలు అడుగుతాం. దాని మీద ఏం పెడతారు? దాన్ని అందరికీ తెరిపించింది ఎవరు? వడ్డించేవాళ్ళకి ఏమిస్తారు? అక్కడ తిన్నవాడి కులం నిజంగా పోయిందా?

ఆ బల్ల మీద ఏముంది?

అమెరికాలో ఇలాంటి హోటళ్ళు ఒక్కో కంపెనీకి వందల్లో ఉంటాయి. ఏ ఊళ్ళో చూసినా ఒకటే బోర్డు, ఒకటే మెనూ. మచ్చుకి బీజేస్ అనే కంపెనీ చూడండి. 1978లో కాలిఫోర్నియాలో సాంటా ఆనా అనే ఊళ్ళో పిజ్జా కొట్టుగా పుట్టింది. 1996లో బ్రియా అనే ఊళ్ళో సొంతంగా బీరు తయారు చెయ్యడం మొదలెట్టింది. ఇవాళ దానికి 200కి పైగా హోటళ్ళు. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చున్న మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు శుక్రవారం సాయంత్రం చేరేది ఇలాంటి చోట్లకే.

పిజ్జా అంటే బ్రహ్మపదార్థం కాదు. గోధుమపిండి రొట్టె మీద టమాటా గుజ్జు, చీజు, మాంసం ముక్కలు వేసి పొయ్యిలో కాల్చేది. దాని మీద ఎక్కువమంది అడిగి వేయించుకునేది పెప్పరోని అనే ఎర్ర బిళ్ళలు. అమెరికాలో దాన్ని మామూలుగా పందిమాంసం, గొడ్డుమాంసం కలిపి చేస్తారు. ఇక బీరు అంటారా? బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఆరబెట్టి, వేడినీళ్ళలో నానేసి, ఆ నీళ్ళలో హాప్స్ అనే చేదు పూలు వేసి కాచి, ఈస్టు వేసి పులియబెట్టేది. పులిసిన కల్లు తెలిసిన మనకి అందులో వింతేం లేదు.

ఆ పిండి పిసికింది ఎవరు? ఆ కంచాలు తోమింది ఎవరు? చాలాచోట్ల మెక్సికో నుంచీ, మధ్య అమెరికా దేశాల నుంచీ పొట్టచేత పట్టుకొని వచ్చిన కూలి జనం. వాళ్ళ తాతలు ఏం పని చేశారని ఈ కుర్రాడు అడగడు. వాళ్ళు తాకిన గ్లాసు మీద పసుపునీళ్ళు చల్లడు. అదే కుర్రాడి నాన్న ఇక్కడ తన పొలంలో నాటేసిన ఆడమనిషికి దోసిట్లో నీళ్ళు పోస్తాడు, చెంబు చేతికివ్వడు!

గొడ్డుమాంసం సంగతీ అంతే. మనం తింటే నీచులం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే దాడి చేశారు. అదే మాంసం అమెరికాలో రొట్టె మీదికెక్కి, ఇంగ్లీషు పేరు పెట్టుకొస్తే నాగరికత అయిపోయిందా?

అయ్యా, మైల అనేది మనిషి ఒంట్లో ఉంటే అట్లాంటిక్ సముద్రం దాటగానే ఎట్లా పోయింది? మాంసంలో ఉంటే అమెరికా మాంసంలో ఎందుకు లేదు? మేం చెబుతున్నాం వినండి. మైల ఒంట్లో లేదు, మాంసంలో లేదు. కూలి రేటులో ఉంది. పొలం పట్టాలో ఉంది. ఊళ్ళో పాటిస్తే లాభం గనక పాటిస్తున్నారు. అక్కడ పాటిస్తే నష్టం గనక మానేశారు. ఇది మతం కాదు, ఆచారం కాదు. లెక్క! మీ ఫొటో రుజువు చేసింది ఇదొక్కటే.

ఆ బల్లని తెరిపించింది ఎవరు?

ఆ బల్ల ఎప్పుడూ అందరిదీ కాదు. నల్లజాతి జనం ఒళ్ళు హూనం చేసుకొని దాన్ని తెరిపించారు.

1960 ఫిబ్రవరి 1. నార్త్ కరోలినా రాష్ట్రంలో గ్రీన్స్‌బరో పట్నం. వూల్‌వర్త్ అనే పెద్ద కొట్టు. అందులో నల్లవాళ్ళు సబ్బులు కొనుక్కోవచ్చు, పలకలు కొనుక్కోవచ్చు. డబ్బులకి అంటు లేదు! తిండి బల్ల దగ్గర కూర్చోవడానికి మాత్రం వీల్లేదు. ఆరోజు నలుగురు నల్లజాతి కాలేజీ విద్యార్థులు పోయి ఆ బల్ల దగ్గర కూర్చున్నారు. కాఫీ అడిగారు. ఇవ్వలేదు. లేవమన్నారు. లేవలేదు. కొట్టు మూసేదాకా కూర్చున్నారు. తెల్లారి ఇంకొంతమంది వచ్చారు. ఆ వారం తిరిగేలోపల వందల్లో వచ్చారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నిప్పులా పాకింది. కొన్ని ఊళ్ళలో అట్లా కూర్చున్నవాళ్ళ నెత్తిన సాసు, చక్కెర కుమ్మరించారు. కొట్టారు. జైళ్ళలో వేశారు.

జూలై 25న గ్రీన్స్‌బరో కొట్టువాళ్ళు దిగొచ్చారు. ఆ బల్ల దగ్గర మొదట కూర్చొని తిన్న నల్లవాళ్ళు ఎవరో తెలుసా? ఆ కొట్లో పనిచేసేవాళ్ళే. పనివాళ్ళుగా ఆ కొట్లోకి రోజూ వచ్చినవాళ్ళకి, తినేవాళ్ళుగా ఆ బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు!

1964 జూలైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటలు తలుపు జాతిని చూసి మూయగూడదంది. బర్మింగ్‌హామ్‌లో ఆలీస్ బార్బెక్యూ అనే హోటలువాళ్ళు ఈ చట్టం మాకు వర్తించదని కోర్టుకెక్కారు. వాళ్ళ హోటల్లో నల్లవాళ్ళు పనిచెయ్యొచ్చు. పొట్లం కట్టించుకు పోవచ్చు. లోపల కూర్చొని తినగూడదు. ఈ ముచ్చట మనకి కొత్తా? 1964 డిసెంబర్ 14న సుప్రీంకోర్టు హోటలువాళ్ళకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఏడాదికి వాళ్ళు కొన్న సరుకులో 46 శాతం, అంటే 70 వేల డాలర్లకి కాస్త తక్కువ విలువైన మాంసం, వేరే రాష్ట్రం నుంచి వచ్చిందే గనక, రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద అధికారమున్న పార్లమెంటు ఈ హోటలునీ కట్టడి చెయ్యగలదంది. మాంసం రాష్ట్రం పొలిమేర దాటి రావచ్చు గానీ మనిషి హోటలు గడప దాటి రాగూడదా అన్న ప్రశ్న అక్కడ తేలింది.

అంతటితో అయిపోలేదు. చట్టం వచ్చిన ముప్పై ఏళ్ళకి, 1994లో, డెన్నీస్ అనే పెద్ద హోటళ్ళ కంపెనీ నల్లవాళ్ళ పట్ల వివక్ష చూపిందన్న కేసుల్లో 5 కోట్ల 40 లక్షల డాలర్లు ఇచ్చి రాజీకొచ్చింది. చట్టం ఉంటే చాలదు, దాన్ని పట్టుకొని కోర్టుకి పోయేవాడు ఉండాలని దీని అర్థం.

ఇంకొక మాట. తెల్లదేశాలవాళ్ళకే పెద్దపీట వేసే పాత కోటాల్ని ఎత్తేసి మన దేశస్తులకి అమెరికా తలుపు తెరిచింది 1965 వలస చట్టం. అది కూడా ఆ పౌరహక్కుల గాలిలో వచ్చిందే. కాబట్టి పెద్దమనుషులారా, మీ అబ్బాయి ఎక్కిన విమానానికి దారీ, కూర్చున్న కుర్చీకి చోటూ నల్లజాతి పోరాటం పెట్టిన భిక్ష. ఆ భిక్ష తింటూ ఇక్కడ మన పోరాటాన్ని "గొడవ" అంటారా?

వడ్డించేవాళ్ళకి ఏమిస్తారు?

అమెరికాని స్వర్గమని మేం చెప్పబోవడం లేదు. ఆ బల్ల దగ్గర నవ్వుతూ ప్లేటు పెట్టే పిల్ల జీతం చూడండి. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం 2009 నుంచీ గంటకి 7 డాలర్ల 25 సెంట్లు. టిప్పు పుచ్చుకునే పనివాళ్ళకైతే యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సింది గంటకి 2 డాలర్ల 13 సెంట్లే. 1991 నుంచీ ఆ అంకె కదల్లేదు! మిగతాది తినేవాళ్ళు దయతలిచి పెట్టే టిప్పులో రావాలి. రాకపోతే యజమాని పూడ్చాలని చట్టం అంటుంది. అడిగి తీసుకోవడం ఎంత కష్టమో కూలి చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం ఈ కోతని ఒప్పుకోక పూర్తి కనీస వేతనం ఇప్పిస్తున్నాయి.

ఈ టిప్పు చరిత్ర కూడా మనలాంటివాళ్ళ చరిత్రే. 1865లో బానిసత్వం రద్దయ్యాక, పుల్‌మన్ అనే రైలుపెట్టెల కంపెనీ విడుదలైన నల్లవాళ్ళని పనిలో పెట్టుకొంది. జీతం నామమాత్రం, మిగతాది ప్రయాణికుల బక్షీసు. వాళ్ళు 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం కట్టి, పన్నెండేళ్ళు కొట్లాడి, 1937లో కంపెనీ చేత ఒప్పందం రాయించుకున్నారు. హోటలు పనివాళ్ళని మాత్రం 1938 నాటి కనీస వేతన చట్టం బయటే ఉంచింది. 1966లో లోపలికి రానిచ్చింది గానీ, టిప్పుని జీతంలో కలుపుకొనే హక్కు యజమానికి అప్పుడే ఇచ్చింది.

మన పాలేర్లకి పండక్కి పాత పంచె, కల్లంలో అడుగూడ్చిన గింజలు, పెళ్ళికి మిగిలిన అన్నం. ఇవ్వాల్సిన కూలిని దయగా మార్చడం దొరలందరికీ తెలిసిన పాత విద్య. కాబట్టి ఒకే బల్ల మన సగం కోరికే. బల్ల దగ్గర చోటూ కావాలి, బల్ల తుడిచినందుకు పూర్తి కూలీ కావాలి.

ఇక్కడ అక్కలు మమ్మల్ని నిలదీస్తారు. "బీరు తాగే చోటు గురించి రాస్తున్నారే?" అని. న్యాయమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన ఆడవాళ్ళ పోరాటం 1993లో సారాని, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని మూయించింది. 1997లో ప్రభుత్వం మళ్ళీ తలుపులు తీసింది. మేం తాగమని చెప్పడం లేదు. దొర బిడ్డ తాగితే విందు, కూలోడు తాగితే "అందుకే వీళ్ళు బాగుపడరు" అనే నాలుకని మాత్రం అడుగుతున్నాం. ఒకే నోట్లో రెండు నాలుకలెందుకు?

తిన్నవాడి కులం పోయిందా?

ఆదివారం పేపరు తిరగెయ్యండి. పెళ్ళి ప్రకటనలు చదవండి. "యూఎస్‌లో సాఫ్ట్‌వేర్" అన్న మాట పక్కనే కులం, శాఖ, గోత్రం. బల్ల దగ్గర అడగని ప్రశ్న పీటల దగ్గర అడుగుతున్నారు.

ఆఫీసులో అడగరా? 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. దళిత ఇంజనీరుని అగ్రకులాల పై అధికారులు కులం పేరుతో తొక్కారన్నది ఆరోపణ. కంపెనీ ఒప్పుకోలేదు. 2023లో ఆ ఇద్దరు అధికారుల మీద కేసుని శాఖే వెనక్కి తీసుకొంది. అయినా కులం సముద్రం దాటిందా లేదా అన్న ప్రశ్న ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో అట్లా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు పాస్ చేస్తే, ఉన్న చట్టాలు చాలంటూ అక్టోబర్‌లో గవర్నరు తిప్పికొట్టాడు. ఆ బిల్లుకి అడ్డంపడ్డవాళ్ళలో మనదేశం నుంచి పోయినవాళ్ళు తక్కువేం కాదు. కులమే లేకపోతే కులం మీద చట్టమంటే భయమెందుకు?

ఈ పాఠం మనకి నూరేళ్ళనాటిది. బాబాసాహెబ్ 1913లో న్యూయార్క్ పోయి కొలంబియా యూనివర్సిటీలో చదివారు. అక్కడ ఆయన్ని అంటరానివాడని ఎవరూ నెట్టెయ్యలేదు. 1917లో కొలువు చెయ్యడానికి బరోడా వస్తే ఉండటానికి గది దొరకలేదు. పేరు మార్చుకొని పార్సీ సత్రంలో దిగితే, పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. అమెరికా బల్ల ఇక్కడి కులాన్ని చంపలేదని అప్పుడే తేలిపోయింది. ఇక్కడి కులాన్ని ఇక్కడే చంపాలి.

మనం చెయ్యాల్సింది

చుండూరు గుర్తుందా? 1991లో సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కుర్చీ దగ్గర మన ప్రాణాలు పోయాయి. అందుకే కుర్చీ సంగతి మనకి చిన్నది కాదు.

రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళలోకి మన ప్రవేశం హక్కని చెప్పింది. 17వది అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం వేరే గ్లాసు పెట్టడం నేరమంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో, అందరి కోసం పెట్టిన గ్లాసులూ కంచాలూ మనల్ని వాడనివ్వకపోవడం ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికీ వచ్చింది. శిక్ష ఆరునెలల నుంచి ఐదేళ్ళు. కేసు పెట్టారని పనికి పిలవకపోయినా, కొట్లో సరుకివ్వకపోయినా, ఆ సాంఘిక బహిష్కారం కూడా అదే చట్టం కింద నేరం.

కాబట్టి ప్రతి మండలంలో కార్యకర్తలు టీ కొట్లు, హోటళ్ళు లెక్కరాయండి. ఎక్కడ గ్లాసులు వేరు? ఎక్కడ బెంచీ వేరు? రెండో గ్లాసు దాచేసి మనకొక్కరికే కాగితం కప్పు ఇస్తున్నది ఎక్కడ? గ్లాసు పోయి కప్పొస్తే అంటరానితనం పోయినట్టు కాదు, దానికి కొత్త బట్టలు తొడిగినట్టు. ఊరు, తేదీ, సాక్షుల పేర్లు రాసుకోండి. ఒంటరిగా పోవద్దు. పదిమంది కలిసి పొండి. బెంచీ మీద కూర్చోండి. అందరికిచ్చే గ్లాసులోనే టీ అడగండి. ఇవ్వకపోతే చెయ్యి చేసుకోకుండా, తిరిగి రాకుండా అక్కడే కూర్చొని, పోలీసుల్ని పిలిపించి, ఫిర్యాదు రాసివ్వండి. కేసు తర్వాత పనులు ఆపితే పల్లె పల్లెంతా నిలబడటానికి ముందే మాట్లాడుకోండి. గ్రీన్స్‌బరోలో మొదట కూర్చున్నది నలుగురే!

ఇక ఫొటో చూపించే పెద్దమనుషులకి మా ఆఖరి మాట. మీ అబ్బాయి సెలవులకి వస్తాడుగా. అమెరికా బల్ల దగ్గర అంత గొప్పగా కూర్చున్నవాణ్ణి మన ఊరి టీ కొట్టుకి తీసుకురండి. మా పక్కన అదే బెంచీ మీద కూర్చోబెట్టండి. అదే గ్లాసులో తాగించండి. ఆ ఫొటో తియ్యండి. ఆ ఫొటో చూపించిన రోజున కులం పోయిందన్న మీ మాట కూర్చొని వింటాం.

అప్పటిదాకా లేచే ప్రశ్నే లేదు. జై భీమ్!