చర్చి వివాదాల వార్తలకు ఆధారం చూపాలి

కథోలిక చర్చిలో వివాదం రేగినప్పుడు వార్త రెండు రకాలుగా జనంలోకి వస్తుంది. ఒకటి ఎఫ్‌ఐఆర్, కోర్టు ఉత్తర్వు, వాటికన్ ప్రకటన, మేత్రాసనం (డయాసిస్) లేఖ వంటి కాగితాల మీద నిలబడే వార్త. రెండోది ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అంటూ మొదలయ్యేది. ఫాదర్ బదిలీ అయితే వెనక ఏదో ఉందని, బిషప్ రాజీనామా చేస్తే రోమ్ దింపేసిందని, స్కూలు స్థలం అమ్మితే కోట్లు చేతులు మారాయని చెప్పేది ఈ రెండో రకమే. పేరు, తేదీ, కాగితం ఏదీ లేని ఇలాంటి వార్తను ఏ పత్రికా అచ్చు వేయకూడదు, ఏ ఛానలూ చూపకూడదు. మేత్రాసనాలు కూడా తమ మౌనంతో ఆ వార్తలకు ఊపిరి పోయడం మానాలి.

పాత కరీంనగర్ జిల్లాలోని కొడిమ్యాల, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పొరపాటు ఏ చర్చి అన్నదగ్గరే మొదలవుతుంది. ఇక్కడి కథోలికులు 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం కిందికి వస్తారు. వారి కేథడ్రల్ కాజీపేట ఫాతిమానగర్‌లో ఉంది. కరీంనగర్ పేరుతో ఉన్న డయాసిస్ చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)ది. సీఎస్ఐ 1947లో కొన్ని ప్రొటెస్టంటు సంఘాలు కలిసి ఏర్పడిన చర్చి. ఆ డయాసిస్ బిషప్‌కు పోపుతో సంబంధం లేదు, ఆయన పెళ్లి చేసుకోవచ్చు కూడా. ఊళ్లలో సొంతంగా ప్రార్థనా మందిరాలు నడిపే పాస్టర్లు ఈ రెండు చర్చిలకూ చెందరు. అయినా పాస్టర్ మీద కేసు నమోదైతే శీర్షికలో ‘చర్చి ఫాదర్’ అని పడుతుంది, పక్కన పొడవాటి టోపీ పెట్టుకున్న బిషప్ బొమ్మ ఉంటుంది. మరుసటి ఆదివారం పూజకు వచ్చినవాళ్లకు ఏ సంబంధమూ లేని కథోలిక విచారణ (పారిష్) గురువు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఏ సంఘమో కనుక్కోవడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు. అదీ చేయకపోవడం నిర్లక్ష్యమే.

రోమ్ నుంచి వచ్చే వార్తల్లో ఈ నిర్లక్ష్యం ఇంకా ఎక్కువ. 2023 డిసెంబరు 18న వాటికన్ విడుదల చేసిన ప్రకటన స్వలింగ జంటలు ఆశీర్వాదం అడిగితే ఫాదర్ ఇవ్వవచ్చని చెప్పింది. వివాహంపై చర్చి బోధ మారలేదని, పెళ్లిని పోలిన తంతు ఏదీ ఉండకూడదని కూడా అదే ప్రకటన చెప్పింది. ‘స్వలింగ వివాహాలకు పోపు పచ్చజెండా’ అన్న ప్రచారంలో ఈ రెండో సగం గల్లంతయింది. 2024 జనవరి 4న వాటికన్ మళ్లీ వివరణ ఇస్తూ, ఆ ఆశీర్వాదం పది పదిహేను సెకన్ల ప్రార్థన అని కొలత కూడా చెప్పాల్సి వచ్చింది. నిజానికి అప్పుడు రాయవలసిన వివాదం పెద్దదే ఉంది. ఆఫ్రికా బిషప్పులు ఆ అనుమతిని తమ దగ్గర అమలు చేయబోమన్నారు. సంచలన శీర్షికల వెంటపడితే ఇలాంటి అసలు వార్త చేజారిపోతుంది.

2025లోనూ ఇదే తీరు. ఫిబ్రవరి 14న పోపు ఫ్రాన్సిస్ ఆస్పత్రిలో చేరాక, ఆయన చనిపోయారన్న పుకార్లు ఏప్రిల్ 21న ఆయన మరణించడానికి ఎంతో ముందే తిరిగాయి. మే నెలలో కొత్త పోపును ఎన్నుకునే కాన్‌క్లేవ్ జరిగింది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022లో కార్డినల్ అయిన తొలి తెలుగువారు, తొలి దళితుడు. ఆయన ఓటు వేయడం ఎంతైనా రాయదగిన విషయం. కానీ లోపల ఎవరికి ఎన్ని ఓట్లు పడుతున్నాయో రాయడానికి ఆధారమే ఉండదు. 133 మంది కార్డినళ్లు గోప్యత ప్రమాణం చేసి లోపలికి వెళ్లారు. వారికి తోడుండే సిబ్బంది గోప్యత మీరితే వెలి శిక్ష పడుతుంది. అలాంటి చోటు నుంచి ‘లోపలి సమాచారం’ అంటూ వచ్చేది ఊహాగానమే.

ఇదంతా చర్చి తప్పులను దాచిపెట్టమని అనడం కాదు. 2016 ఏప్రిల్‌లో కడప బిషప్‌ను కిడ్నాప్ చేసి కొట్టిన కేసులో గురువులనే పోలీసులు అరెస్టు చేశారు. పోలీసులు, కోర్టు చెప్పిన అలాంటి విషయాన్ని పూర్తిగా రాయాలి, చివరిదాకా వెంటపడాలి. పిల్లలపై లైంగిక అఘాయిత్యం జరిగినప్పుడు ఈ బాధ్యత రెట్టింపవుతుంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. ఫాదర్‌కూ సిస్టర్‌కూ మినహాయింపు లేదు. 23వ సెక్షన్ ప్రకారం బాధిత బిడ్డ పేరే కాదు, ఇల్లు, బడి, కుటుంబ వివరాలు కూడా బయటపెట్టకూడదు. ఫలానా ఊరి అమ్మాయి, ఫలానా హాస్టల్, తొమ్మిదో తరగతి అని రాస్తే మండలమంతా ఇట్టే పోల్చుకుంటుంది. సంచలనం కోసం రాసిన ఆ ఒక్క వాక్యం ఆ బిడ్డను బడి మాన్పించగలదు, ఇంకో బిడ్డ నోరు విప్పకుండా చేయగలదు.

నిప్పు లేనిదే పొగ రాదని ఈ వార్తలను సమర్థించేవారున్నారు. 2018 మేలో తెలంగాణ ఊళ్లలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేచింది. పక్కనున్న నిజామాబాద్ జిల్లాలో జనం ఒక మనిషిని కొట్టి చంపారు. ముఠా లేదు, నిప్పు అసలే లేదు. సరిగ్గా ఆ నెలలోనే, మే 13న, కథోలిక చర్చి జరుపుకున్న ప్రపంచ ప్రసార సాధనాల దినానికి పోపు ఫ్రాన్సిస్ ఎంచుకున్న అంశం కూడా అబద్ధపు వార్తలే.

అయితే మేత్రాసనాలు తమ వంతు పని చేయకుండా పత్రికలను తప్పుపట్టలేవు. బదిలీకి కారణం చెప్పరు, లెక్కలు విశ్వాసుల ముందు పెట్టరు, విలేకరి ఫోన్ చేస్తే బిషప్ హౌస్‌లో ఎత్తేవారుండరు. అలాంటప్పుడు కోరుట్లలో పుట్టిన మాట గంటలో దుబాయ్ గదుల్లోని మనవాళ్ల ఫోన్లకు చేరుతుంది, ఇంకో రెండు మాటలు కలుపుకుని తిరిగొస్తుంది. లైంగిక అఘాయిత్యాలపై ఫిర్యాదులు తీసుకునే వ్యవస్థ ప్రతి మేత్రాసనానికీ ఉండాలని 2019లోనే పోపు ఫ్రాన్సిస్ శాసించారు. అది ఎక్కడుందో, ఎవరిని కలవాలో ప్రతి విచారణ గుడి నోటీసు బోర్డు మీద తెలుగులో ఉండాలి. మాట్లాడే బాధ్యత ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించాలి, ఆయన అదే రోజు జవాబివ్వాలి. సికింద్రాబాద్‌లో అమృతవాణి వంటి ప్రసార కేంద్రం నడుపుతున్న తెలుగు చర్చికి ఇది చేతకాని పని కాదు.

పత్రికలు కూడా చర్చి వార్త వేసేముందు ఏ సంఘమో రాయాలి, ఆరోపణ ఎదుర్కొంటున్నవారి మాట తీసుకోవాలి, కేసు కొట్టేస్తే ఆ సంగతీ చెప్పాలి. తప్పు జరిగితే సవరణను అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయాలి. మొదటి వార్త క్లిప్పింగ్ ఏ గ్రూపుల్లో తిరిగిందో, సవరణను కూడా విలేకరే ఆ గ్రూపుల్లో పెట్టాలి.