కంకర జల్లించాకే కాంక్రీటు: కామారెడ్డి, ఎల్లారెడ్డి డివిజన్లలో రావలసిన మార్పు

కాంక్రీటు ఘనపరిమాణంలో మూడింట రెండు వంతులకు పైగా ఉండేది కంకర, ఇసుక. రాళ్లన్నీ ఒకే సైజులో ఉంటే వాటి నడుమ సందులు ఎక్కువ మిగులుతాయి. ఆ సందులు నింపడానికి సిమెంటు, ఇసుక ఎక్కువ పడతాయి. అవి చాలని చోట స్లాబు అడుగున, పిల్లర్ పక్కన బొక్కలు తేలతాయి. వాటి గుండా నీరు సలాకను చేరి తుప్పు పట్టిస్తుంది. పెద్ద రాళ్ల సందుల్లో చిన్న రాళ్లు, వాటి సందుల్లో ఇసుక ఇమిడితే అదే సిమెంటుతో బిగువైన కాంక్రీటు వస్తుంది. కంకరలో ఏ సైజు రాయి ఎంత ఉందో తేల్చేదే జల్లెడ పరీక్ష.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు నేల అడుగున ఉన్నది ఎక్కువగా గ్రానైట్ జాతి రాయి. గట్టి రాయికి ఇక్కడ కొదవ లేదు, జాగ్రత్త పడవలసింది సైజుల కలయికలోనే. క్రషర్ జల్లెడ అరిగితే లావు రాయి జారి వస్తుంది. కుప్ప పోసినప్పుడు పెద్ద రాళ్లు అంచులకు దొర్లుతాయి, చిన్నవి నడుమ నిలుస్తాయి. అందుకే ఒకే కుప్ప నుంచి నింపిన రెండు ట్రాక్టర్ల కంకర ఒక్క తీరుగా ఉండదు. బిల్లు మీద రాసిన ‘20 ఎంఎం’ ఈ తేడాను చెప్పదు.

పరీక్షకు కరెంటు అక్కర్లేదు. భారతీయ ప్రమాణం (ఐఎస్) 2386 మొదటి భాగం (1963) దీని పద్ధతి చెబుతుంది. కుప్పలో పలు చోట్ల నుంచి కంకర తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుంటూ నమూనాను తగ్గించాలి. 20 ఎంఎం కంకరకు కనీసం 2 కిలోలు కావాలి. ఆరబెట్టి తూచి, పెద్ద కన్ను జల్లెడ నుంచి చిన్న కన్ను జల్లెడకు వరుసగా జల్లించి, ఒక్కో దాని మీద మిగిలినది తూచాలి. ఫలితాన్ని ఐఎస్ 383 (2016) పట్టికతో పోల్చాలి. ఉదాహరణకు సైజులు కలిసిన 20 ఎంఎం కంకర నమూనా 5 కిలోలు తీసుకుంటే 20 ఎంఎం జల్లెడ గుండా కనీసం నాలుగున్నర కిలోలు దిగాలి. 10 ఎంఎం గుండా 1.25 నుంచి 2.75 కిలోల దాకా, 4.75 ఎంఎం గుండా అర కిలోకు మించకుండా దిగాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒకే సైజుగా అమ్మే 20 ఎంఎం కంకరలో 10 ఎంఎం కన్నా చిన్న రాయి 20 శాతానికి మించకూడదు. కాంక్రీటుకు కావలసిన కలయికలో అది 25 నుంచి 55 శాతం ఉండాలి. అంటే ఆ కంకర ఒక్కటే పోస్తే చాలదు, చిన్న సైజు కలపాల్సిందే. ఎంత కలపాలో జల్లెడే చెప్పాలి, అందాజు కాదు. పెద్ద రాయికీ హద్దుంది: ఐఎస్ 456 ప్రకారం రాయి సైజు స్లాబు మందంలో నాలుగో వంతు దాటకూడదు. 125 ఎంఎం స్లాబులో 40 ఎంఎం రాయికి చోటే లేదు.

ఇప్పుడు నాణ్యత అనగానే గుర్తొచ్చేది కాంక్రీటు దిమ్మెను నొక్కి బలం చూసే క్యూబ్ పరీక్ష. అది అవసరమే. అయితే దాని తుది ఫలితం 28 రోజులకు వస్తుంది, అప్పటికి స్లాబు గట్టిపడి ఉంటుంది. జల్లెడ మాత్రం తప్పును కాంక్రీటు కలపకముందే చూపిస్తుంది. ఆ దశలో దిద్దుబాటుకు అయ్యే ఖర్చు కంకర తిప్పి పంపడమో, చిన్న సైజు కలపడమో, అంతే.

2025 ఆగస్టు చివరి కుండపోతకు కామారెడ్డి జిల్లాలో రోడ్లు, కల్వర్టులు తెగిపోయాయి. ఆ నష్టం వరద చేసింది, కంకర కాదు. కానీ వాటి స్థానంలో కట్టేవి, ఊరూరా లేస్తున్న ఇందిరమ్మ ఇళ్లు సరైన కంకరతో కట్టినవి కావాలి. ఆ పథకం కింద ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల రూపాయల సాయంతో ఇల్లు కట్టుకునే కుటుంబం స్లాబు రెండోసారి పోసుకోలేదు.

అందువల్ల రెండు డివిజన్లలోని ప్రతి మండల కేంద్రంలో ఒక జల్లెడల సెట్టు, ఒక తూకం యంత్రం ఉంచాలి. ప్రభుత్వ పనికి దిగే కంకరను, క్రషర్ మారినా కుప్ప మారినా, ఇంజనీరు సర్పంచు సమక్షంలో జల్లించాలి. ఫలితం పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. సొంత ఇల్లు కట్టుకునేవారికి ఈ పరీక్ష ఉచితంగా చేయాలి. ఈ మేరకు ప్రతి గ్రామసభ తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలని మనవి.