నోరు కూడా చూడమ్మా!

పొగాకు మగవాళ్ల అలవాటు, మనకెందుకులే అనుకుంటాం. కానీ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఏడాది కొత్తగా నోటి కాన్సర్ బయటపడిన లక్షా 43 వేల మందిలో దాదాపు 36 వేలమంది ఆడవాళ్లే! చుట్ట నిప్పును నోట్లోకి పెట్టుకుని 'అడ్డపొగ' తాగే అలవాటు ఉత్తరాంధ్ర పల్లెల్లో మన అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే. చుట్ట ముట్టని వాళ్లకి జర్దా కిళ్లీ, గుట్కా. పొగాకు కలపకపోయినా, ఉత్త వక్క కూడా కాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు రెండు దశాబ్దాల కిందటే తేల్చారు.

ఈ జబ్బు గురించి చదివేటప్పుడు 'ప్రొటీన్ మార్కర్లు' అన్న మాట తరచూ కనిపిస్తోంది. నేను డాక్టర్ని కాను, కథలు రాసుకునే గృహిణిని. నాకు అర్థమైనంతలో చెబుతాను. మన కణాల్లో పి53 అనే ప్రొటీన్ ఉంది. జన్యువులు దెబ్బతింటే కణాన్ని 'ఆగు' అంటుంది. బాగుపడదనుకుంటే ఆ కణం చచ్చిపోయేలా చేస్తుంది. పొగాకు విషాలకి ఈ కాపలాదారే చెడిపోతే, పాడైన కణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతాయి. ఇ-క్యాడ్హెరిన్ అనే మరో ప్రొటీన్ కణాల్ని ఒకదానికొకటి అతికించే జిగురు లాంటిది. అది తగ్గిన చోట కణాలు పట్టు వదిలి లోపలి కండలోకీ, మెడ గ్రంథుల్లోకీ పాకే అవకాశం ఎక్కువ.

సైన్సు ఇంత దూరం వెళ్లింది సరే, కణితిలో ఈ ప్రొటీన్లని చూడాలన్నా ముందు ఆ పుండులోంచి చిన్న ముక్క తీయాలి కదా! "ముక్క తీస్తే జబ్బు పాకుతుందట" అని భయపడి నెలలు గడిపేస్తారు చాలామంది. ఆ నెలల్లోనే జబ్బు ముదురుతుంది.

ముక్క దాకా వెళ్లడం అటుంచండి, అసలు మన నోరు చూసేదెవరు? 30 ఏళ్లు దాటిన అందరికీ నోటి పరీక్ష చేయాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 30-49 ఏళ్ల స్త్రీలలో ఆ పరీక్ష ఒక్కసారైనా జరిగినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు! తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి కాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో వెల్లడైంది. వాళ్లు వాడింది పెద్ద యంత్రాల్ని కాదు, వెలుతురునీ కళ్లనీ!

కూరలో కారం తగిలి నోరు భగ్గుమంటే "వేడి చేసింది" అని మజ్జిగ తాగి, ఓ బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకుని వంటింట్లోకి వెళ్లిపోతాం. ఆ మంట తగ్గకపోయినా, రెండు వారాలైనా పుండు మానకపోయినా, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనిపించినా, నోరు మునుపటిలా తెరుచుకోకపోయినా డాక్టరుకి చూపించుకోవాలి. ముక్క తీయాలంటే సరేననాలి.

ఈసారి ఏఎన్ఎం బి.పి. చూడటానికి వచ్చినప్పుడు ఊరుకోకండి. "నా నోరు కూడా చూడమ్మా" అని అడగండి. అత్తగారినీ, మీ ఇంట్లో పనిచేసే ఆమెనీ పక్కన కూర్చోబెట్టుకుని మరీ అడగండి.