ఐ ప్లస్ ప్లస్ అడిగితే ఏం చెప్పాలి?

ఐ విలువ 5. ఒకే ప్రింట్‌ఎఫ్‌లో ముందు ఐ, కామా పెట్టి పక్కనే ఐ ప్లస్ ప్లస్ రాశారు. ఏం ప్రింట్ అవుతుంది?

నరసరావుపేటలో బీటెక్ చదివినా, మాచర్లలో బస్సెక్కి అమీర్‌పేట కోచింగ్‌కి వెళ్లినా ఇలాంటి ప్రశ్న తప్పదు. ల్యాబ్ వైవాలో అడుగుతారు, క్యాంపస్ రాతపరీక్షలో ఇస్తారు. కీలో జవాబు '6 5'. ఆర్గ్యుమెంట్లు కుడి నుంచి ఎడమకి లెక్కేస్తారని వివరణ కూడా ఉంటుంది.

అది సీ భాష నియమం కాదండీ, పాత టర్బో సీ అలవాటు! ఏ ఆర్గ్యుమెంట్ ముందు లెక్కించాలన్నది 1989 నాటి సీ స్టాండర్డ్ నుంచీ కంపైలర్ ఇష్టమే. పైగా ఇక్కడ ఐని ఒకచోట చదువుతూ ఇంకోచోట మారుస్తున్నాం. దీన్ని 'అన్‌డిఫైన్డ్ బిహేవియర్' అంటారు. ఏం వచ్చినా కంపైలర్‌ని తప్పుపట్టలేం. అనుమానమైతే మీ ఆండ్రాయిడ్ ఫోన్లోనే టెర్మక్స్‌లో క్లాంగ్ వేసుకుని నడిపి చూడండి. మామూలుగా '5 5' వస్తుంది, ముందొక వార్నింగ్‌తో.

సీ సరిగ్గా చదువుకుని "ఇది చెప్పలేం సార్" అన్న అమ్మాయికి మార్కు పోతుంది. కీ బట్టీపట్టిన వాడికి వస్తుంది. కటాఫ్ దగ్గర ఆ ఒక్క మార్కే ఉద్యోగం. మిరపకాయలు అమ్మి ఫీజు కట్టిన ఇంట్లో ఇది చిన్న విషయమా?

గూగుల్‌లో నియామకాలు చూసిన లాజ్లో బాక్ 2013లోనే చెప్పాడు, పొడుపుకథల్లాంటి ప్రశ్నలతో అభ్యర్థి పనితనం తెలీదని, అడిగేవాడికి తాను తెలివైనవాణ్ణన్న తృప్తి మాత్రం మిగులుతుందని.

మెలికలన్నీ చెత్త అనను. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.3 కాకుండా చివర్లో ఒక 4 తోక ఎందుకొస్తుంది? ఇది అడగాల్సిన ప్రశ్నే. మిర్చి యార్డు బిల్లు ఇలా లెక్కేస్తే పైసలు తేడా కొడతాయి మరి. అందుకే డబ్బుని పైసల్లో, పూర్ణసంఖ్యగా దాచాలి. దీని వెనక రోజూ చేసే పని ఉంది. ఐ ప్లస్ ప్లస్ వెనక ఏముంది? ఆఫీసులో ఎవరైనా అలా రాస్తే రివ్యూలోనే వెనక్కి పంపుతారు.

ఇంటర్వ్యూలో ఎదురైతే వాదనకి దిగకండి. "కుడి నుంచి లెక్కేసే కంపైలర్‌లో 6 5 వస్తుంది సార్, కానీ స్టాండర్డ్ ప్రకారం అన్‌డిఫైన్డ్. నేనైతే రెండు లైన్లుగా రాస్తాను" అనండి. రాతపరీక్షలో ఈ మాట చెప్పడానికి ఎవరూ ఉండరు. 'కంపైలర్‌ని బట్టి' అనో 'అన్‌డిఫైన్డ్' అనో ఆప్షన్ ఉంటే అదే పెట్టండి. లేదా, 6 5 కొట్టేసి తర్వాతి ప్రశ్నకి పోండి.