తెలిసికొనకుండు హక్కు

భవిష్యత్తు తెలిసికొనవలెనన్న కోరిక మానవజాతికి కడు పాతది. జాతకచక్రము వేయించువారు, చిలుకచేత చీటీ తీయించువారు, ఫాల్ చూపించుకొనువారు - మతమేదైనను మన వీధులలో వీరికి కొరత లేదు. అయితే చిలుక తీసిన చీటీలో ఒక సౌకర్యము కలదు; దానిని నమ్మకపోవచ్చును. నమ్మక తప్పని జోస్యమే ఎదురైనచో మానవుని గతి యేమి? ఇది నేడు కేవలము ఊహాప్రశ్న కాదు. కొద్దిపాటి రక్తమును పరిశీలించి, ఇరువది యేండ్ల తరువాత రాబోవు వ్యాధిని నేడే చెప్పగల పరీక్ష లోకములో కలదు. దానికి మనుష్యుడు చెల్లింపవలసిన మూల్యమును గూర్చి నాలుగు మాటలు పాఠకులకు విన్నవింతుము.

ఆ వ్యాధి పేరు హంటింగ్టన్ వ్యాధి. జార్జి హంటింగ్టన్ అను అమెరికా వైద్యుడు 1872లో దీనిని వర్ణించెను. సాధారణముగా ముప్పదికిని ఏబదికిని నడుమ ఇది పొడచూపును. అవయవములు వశము తప్పి కదలాడును, స్వభావము మారును, బుద్ధి క్రమముగా క్షీణించును, పదునైదు, ఇరువది యేండ్లలో మరణము. నాలుగవ క్రోమోజోములోని ఒక జన్యువునందు 'సి.ఎ.జి.' అను మూడక్షరముల మాట మితిమీరి పునరావృతమగుటయే దీనికి మూలము. ఆ సంఖ్య 40 గాని అంతకు మించి గాని ఉన్నచో, సాధారణ ఆయుర్దాయము జీవించినవానికి వ్యాధి తప్పదు. ఏ యేట వచ్చునో మాత్రము పరీక్ష చెప్పజాలదు. తల్లిదండ్రులలో ఒకరికి ఈ దోషము ఉన్నచో ప్రతి బిడ్డకును అది సంక్రమించు అవకాశము సగమునకు సగము. లక్షణములు బయటపడునాటికి పెండ్లియు, పిల్లలును అయిపోయి యుందురు. నయము చేయగల మందు నేటికిని లేదు.

1968లో లాస్ ఏంజెలెస్ నగరమున లియొనోర్ వెక్స్‌లర్ అను స్త్రీకి ఈ వ్యాధి యని తేలినది. తండ్రి మిల్టన్ తన కుమార్తెలు ఆలిస్, నాన్సీలకు ఉన్నమాట చెప్పెను. ఆ యిద్దరును సంతానము వలదనుకొనిరి. నాన్సీ అంతటితో ఆగలేదు. వెనిజులాలోని మారకైబో సరస్సు తీరమున, ఈ వ్యాధి దట్టముగా అలముకొన్న జాలరి పల్లెలకు 1979 మొదలు వెళ్ళి, వేలకొలది మనుష్యుల రక్తనమూనాలను, వంశవృక్షములను శాస్త్రజ్ఞులకు సమకూర్చెను. 1983లో ఆ జన్యువు జాడయు, 1993లో జన్యువును దొరకినవి. ఆ పరీక్షకు దారి వేసినవారిలో ఒకరైన ఆమెయే, తాను పరీక్ష చేయించుకొన్నదీ లేనిదీ ఎన్నో యేండ్లు లోకమునకు చెప్పలేదు. 2020లో, డెబ్బది నాలుగేండ్ల వయసున, తనకును ఆ వ్యాధి వచ్చినదని ప్రకటించినది.

పరీక్ష రాకపూర్వము, వచ్చినచో చేయించుకొందుమని చెప్పినవారే అధికము. వచ్చిన పిమ్మట పలు దేశములలో ఐదవ వంతు కూడ ముందుకు రాలేదు. వీరు పిరికివారని మేమనుకొనము. కెనడాలో 1992లో ప్రచురింపబడిన ఒక పరిశోధన ప్రకారము, పరీక్ష చేయించుకొన్నవారు, చెడువార్త విన్నవారు సైతము, ఏడాది గడచుసరికి సందేహములో మిగిలినవారికన్న కుదురుగా ఉండిరి. ఈ సత్యమును దాచుట న్యాయము కాదు. కాని వారు తమంత తాముగా వచ్చినవారు. ముందును వెనుకను సలహాదారులు తోడున్నవారు. బలవంతముగా చెప్పించుకొన్నవానికి అదే ఫలితము కలుగునని దీనివలన తేలదు.

పరీక్షిన్మహారాజు కథ మన తెలుగువారెరిగినదే. ఏడు దినములలో తక్షకుని కాటు తప్పదని తెలిసి ఆయన గంగాతీరమున శుకుని ముఖమున భాగవతము వినెను. తెలిసికొనుట మేలే చేసినదని కొందరు దృష్టాంతము చూపుదురు. అయితే ఆయనకు మిగిలినవి ఏడు దినములు. ఇరువదియైదవ యేట పరీక్ష ఫలితము విన్నవానికి మిగులునవి ఏండ్లు. చేతిలోని గ్లాసు జారినపుడెల్ల, ఒక పేరు మరచినపుడెల్ల, 'వచ్చినదా?' అని తన్ను తాను చూచుకొనవలసిన ఏండ్లు. పైగా ఆ శాపము పరీక్షిత్తునితోనే తీరినది. ఈ వార్త వినువాని బిడ్డలకు కూడ చెందును.

చిక్కంతయు ఇందులోనే కలదు. తాత ఈ వ్యాధితో మరణించెను, తండ్రి తెలిసికొనుటకు ఇష్టపడడు, కుమారుడు తెలిసికొనగోరును. కుమారునిలో దోషము కనబడినదా, అడుగని తండ్రికి కూడ తీర్పు వెలువడినట్లే. మూడు తరములు ఒక్క కప్పు క్రింద నివసించు మన యిండ్లలో ఆ కాగితము ఎచ్చట దాగును? కుమారుడు పెండ్లికి సిద్ధపడుచున్నచో అతని ప్రశ్నకే బలము హెచ్చని మా అభిప్రాయము. కుతూహలమే అయినచో తండ్రి మౌనమును మన్నింపవలెను.

పెండ్లి మాట వచ్చినది గనుక మరియొకటి. సంబంధము చూచునపుడు 'ఖాందాన్' విచారించుట మా పెద్దల అలవాటు. రేపు ఈ విచారణ ప్రయోగశాల కాగితము రూపమున వచ్చునేమోనని మా భయము. వచ్చినచో ఆ కాగితము ముందుగా అడుగబడునది ఆడపిల్లనే. వరుని రక్తమును అడుగు ధైర్యము ఎందరు తండ్రులకు కలదు? తన జన్యుపరీక్షల ఫలితము తెలిసికొనవలెనో వలదో నిర్ణయించుకొను హక్కు ప్రతివానికి కలదని యునెస్కో 1997 నాటి ప్రకటనలో అంగీకరించినది. అమెరికాలో 2008 నాటి చట్టము యజమానులను, ఆరోగ్య బీమా సంస్థలను కట్టడి చేసినది. జీవిత బీమాను విడిచిపెట్టినది. అత్తవారి నోటిని కట్టు చట్టము ఎక్కడను లేదు.

అయినను ఈ హక్కు చాటున మోసము చేయరాదు. పరీక్ష వలదనుటకు మనుష్యునికి అధికారము కలదు. తన తండ్రి ఏ వ్యాధితో మరణించెనో కాబోవు భార్యకు చెప్పకుండుటకు లేదు. సందేహముతో జీవించుట అతడు కోరుకొన్న దారి. అదే దారి నడచుటకు ఆమె సమ్మతిని కూడ అడుగవలెను గదా!

మన విద్యార్థులు జంతుశాస్త్ర తరగతిలో ఈ వ్యాధిని నాలుగు గళ్ళ పటముగా గీచి మార్కులు సంపాదింతురు. ఆ బల్లలపై కూర్చున్నవారిలో ఎవరి యింట ఏ వ్యాధి కలదో బోధించువారెరుగరు. కావున పాఠము చెప్పునపుడు 'మీ యింట ఎవరికైన కలదా?' అని నిండు తరగతిలో అడుగుట మానవలెను. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో వైద్య జన్యుశాస్త్ర విభాగము కలదు. అచ్చటి వైద్యులనొకరిని పిలిపించి, పరీక్షకు ముందు ఏమేమి ఆలోచింపవలెనో మన విద్యార్థులకు చెప్పించుటకు కళాశాల సంఘము వారు ఏడాదికొక పూట కేటాయింతురని ఆశింతుము. సందేహములను పేరు వ్రాయని చీటీలపై అడుగుటకు వీలు కల్పించిన చాలును.